నూజివీడు పెరట్లో రెండు చెట్లు

వేసవిలో హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు మారి నూజివీడు దారి పట్టిన వారికి, కాలవల కింది మాగాణి క్రమంగా వెనకబడి, ఎర్రనేలల మెట్ట, మామిడితోటలు ఎదురవుతాయి. 2022 దాకా కృష్ణాజిల్లాలో వుండి, ఇప్పుడు ఏలూరు జిల్లాలో చేరిన ఈ ఊరి పేరు వినగానే నోరూరడం చిన్నరసాల చలవే. అయితే నూజివీడులో కాసిన ప్రతి పండూ తియ్యగా వుంటుందనుకోకండి!

అక్కడ నాకు తెలిసిన వారి పెరట్లో చిన్నరసం చెట్లు రెండున్నాయి. ఒకే తల్లిచెట్టుకు కట్టిన అంట్లు. ఒకే ఏడు నాటినవి. మిట్టమీద, రోజంతా ఎండ తగిలే చోట వున్నదాని పండు తేనె. బావి పక్కదాని పండు పెద్దదే గాని, చప్పన.

"దీన్ని కొట్టించేస్తానంటున్నారు మాస్టారూ! మీరైనా చెప్పండి" అన్నది ఆ ఇంటి ఇల్లాలు.

టెంక పాతితే మొలిచిన చెట్టయితే గుణం మారిందనుకోవచ్చు. అంటుకు తల్లిగుణమే వస్తుంది గనక ఇక్కడ ఆ మాట చెల్లదు. లోపమంతా చోటులోనే వుంది.

పండులోని తీపికి పుట్టిల్లు ఆకు. ఎండ తగిలిన ఆకు చక్కెర తయారుచేసి కాయకు పంపుతుంది. కాయ దాన్ని పిండిగా దాచుకొని, మాగేటప్పుడు మళ్ళీ తీపిగా మార్చుకుంటుంది. బావి పక్క చెట్టుకు మధ్యాహ్నం నుంచీ పొరుగువారి మేడనీడ. పైగా స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అన్నీ దాని మొదట్లోకే! కాయ నీరు తాగి ఊరుతుందే గాని తీపి చిక్కబడదు.

వాతావరణం పాలూ తక్కువ కాదు. పుష్య మాఘాల్లో పొడిచలి వుంటే పూత నిండుగా వస్తుంది. పూతమీద మబ్బు, మంచు పట్టాయా, బూడిద తెగులు, తేనెమంచు పురుగు దాపురిస్తాయి. కోతముందు వానలు పడితే తీపి పలచబడుతుంది. ఈదురుగాలికి రాలిన లేతకాయలో పిండి నిండకపోవడం చేత, ఎంత గడ్డిలో మాగవేసినా తీపి రాదు.

వానను ఆపడం మన తరం కాదు. వాడుకనీటిని మళ్ళించడం మన చేతిలో పని. కోతకు రెండు మూడు వారాల ముందు తడి మానాలి. కాయను చెట్టుమీదే ముదరనివ్వాలి. కోతయ్యాక గుబురుకొమ్మలు తీయించి లోపలికి వెలుతురు రానివ్వాలి.

ఆ ఇంటాయన గొడ్డలి మాట మానుకొని, బావి దగ్గర కొత్త కాలవ తీయించారు. మేడనీడ ఎలాగూ తొలగదు గనక, ఆ చెట్టు తన తోబుట్టువుతో సమానం కాకపోవచ్చు. అయినా చిన్నరసం కాయతో ఆవకాయ పెట్టుకునే ప్రాంతమది. ఆవకాయకు తీపితో పనిలేదు గదా!