భీమిలిలో మా దయ్యం

దయ్యాన్ని వెతుక్కుంటూ భీమిలి వెళ్లాం! నవ్వకండి. కాలేజీ మిత్రులం ఆరుగురం కలిసి పది నిమిషాల హారర్ చిత్రం తీద్దామని బయల్దేరాం. విశాఖ నుంచి బస్సులో సుమారు 25 కిలోమీటర్లు. ఒక పక్క కొండలు, మరో పక్క సముద్రం. 1978లో వచ్చిన 'మరో చరిత్ర' ప్రేమికులు తిరిగిన తీరం ఇదే. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ ఊళ్లో 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు వర్తకానికి దిగారు. అనుమతి సంపాదించి, వాళ్ల సమాధుల్నే లొకేషన్ చేసుకున్నాం.

రాత్రిపూట లైట్లు పెట్టే స్తోమత మాకెక్కడిది? పట్టపగలే ఎక్స్‌పోజర్ తగ్గించి రాత్రి చేశాం. మొదటిరోజు మైకు నిండా గాలి, అలల హోరే! హీరోయిన్ కేక తప్ప అన్నీ వినిపించాయి. చివరికి హాస్టల్ గదిలో దుప్పట్లు కట్టి డబ్బింగ్ చెప్పించాం. భయపెట్టేది మేకప్ కాదండీ, శబ్దం అని అప్పుడు తెలిసింది.

అసలు పాఠం మాత్రం వేరే. యాంగిల్ బాగుందని ఓ సమాధి మీదికి ట్రైపాడ్ ఎక్కించబోయాను. అటుగా వెళ్తున్న ముసలాయన ఆగి, "మీ తాత సమాధైతే ఇలాగే ఎక్కుతావేటి బాబూ?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. నిజమే, ఇల్లు విడిచి ఇంతదూరమొచ్చి, తిరిగి వెళ్లలేకపోయినవాళ్లు కదా! ట్రైపాడ్ దించేశాను. సమాధుల మీద దయ్యం గెంతే సీన్ కొట్టేశాం. దాని బదులు, రాతి మీద పేరు చదువుతూ ఆగిపోయే అమ్మాయిని తీశాం.

కాలేజీలో వేస్తే ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆ సీను దగ్గర మాత్రం హాలంతా నిశ్శబ్దం.

టైటిల్స్‌లో 'భీమిలి తాతకి కృతజ్ఞతలు' అని వేశాం. పేరడగడం మరిచిపోయాం మరి!