చల్లటి తొట్టి... తాటి లొట్టి

చిలుకూరనగానే చాలామందికి హైదరాబాద్ పక్కనున్న వీసా దేవుడు గుర్తొస్తాడు. ఇది ఆ చిలుకూరు కాదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలో, సాగర్ ఎడమకాలువ నీళ్లతో వరి పండే సూర్యాపేట జిల్లా చిలుకూరు. వీసాలు మాత్రం ఇక్కడి కుర్రాళ్లకూ వస్తాయి. అలా వెళ్లినవాడే ఈ ఇంజినీరు. తండ్రి కల్లుగీత కార్మికుడు. కొడుకు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు రోజుల్లో గరాజ్‌లో బీరు తయారుచేస్తాడు.

కంగారు పడకండి, అక్కడది నేరం కాదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి అవసరానికి కాచుకునే బీరుకు పన్ను తప్పింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. అమ్మకూడదు, అంతే.

చిక్కంతా వేడితోనే. బార్లీ మాల్టు నీళ్లలోని చక్కెరను ఈస్టు తింటూ ఆల్కహాలు చేస్తుంది. తింటూ తానూ వేడెక్కుతుంది. అందుకే గదికంటే తొట్టి లోపల నాలుగైదు డిగ్రీలు ఎక్కువగానే ఉండొచ్చు. ఏల్ రకాలకు 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్‌కు 8 నుంచి 13 చాలు. అది మించితే ఘాటు, గోళ్లరంగు చెరిపే మందు వాసన. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్ సంగతి చెప్పక్కర్లేదు కదా!

అందుకే ఆ చిన్న కంట్రోలర్ డబ్బా. పాత ఫ్రిజ్ ఒక సాకెట్‌కు, హీటరు ఇంకో సాకెట్‌కు. వైరు కొసనున్న సెన్సర్‌ను తొట్టికి ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టాలి. అలా కప్పకపోతే అది బీరు వేడి చెప్పదు, ఫ్రిజ్‌లోని గాలి సంగతి చెబుతుంది. 19 డిగ్రీలకు పెట్టి, తేడా ఒక డిగ్రీ ఇస్తే... 20 దాటగానే ఫ్రిజ్ మొదలు, 18కి పడిపోతే హీటరు మొదలు. మధ్యలో రెండూ ఊరుకుంటాయి. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే మళ్లీ లేపకుండా మూడు నిమిషాలు ఆపే ఏర్పాటూ ఉంటుంది. లేకపోతే మోటారు కాలిపోవచ్చు. అసలు చల్లదనానికీ బీరుకూ చుట్టరికం పాతదే. 1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే తన శీతల యంత్రాన్ని మొదట పెట్టింది బీరు కంపెనీలోనే.

నిరుడు తండ్రి డాలస్ వెళ్లాడు. గరాజ్‌లో ఈ సరంజామా చూశాడు.

''ఇదేందిరా, తొట్టికి కరెంటు కట్టినవ్?''

''పులిసేటప్పుడు వేడెక్కకుండ నాయినా.''

పెద్దాయన నవ్వాడు. మోకు, ముస్తాదు వేసుకుని తాటిచెట్లెక్కిన మనిషాయె. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుందనీ, ఎండ ఎక్కేకొద్దీ పుల్లబడుతుందనీ ఆయనకు ఏ మీటరూ చెప్పక్కర్లేదు. పులియొద్దనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. అప్పుడది కల్లు కాదు, నీరా.

కొడుక్కి అక్కడే ఆలోచన పుట్టింది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. ఊళ్లో బీరు కాయడానికి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. పోనీ లైసెన్సు తీసుకుని నీరా చేస్తే? చెట్టు దిగిన క్షణం నుంచి చల్లగా ఉంచాలి, అంతే కదా! ఫ్రిజ్, కంట్రోలర్, ఇన్వర్టర్... లెక్కలన్నీ కాగితం మీద వేశాడు. తిరిగొచ్చేస్తానన్నాడు.

తండ్రి కాగితం చూడలేదు.

''చెట్టు ఎవడెక్కుతడు బిడ్డా?''

ఆయన మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. తమ్ముడి కొడుకు మిర్యాలగూడలో సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తున్నాడు. కొడుక్కి చెట్టు ఎక్కడం రాదు. నేర్పకుండా చదివించింది ఈయనే. పడితే ఏమవుతుందో చూసినవాడు మరి!

నీరా ముచ్చట అక్కడే ఆగింది. కంట్రోలర్ మాత్రం పెద్దాయనకు నచ్చింది. అమెరికా డబ్బా 110 ఓల్టులది, ఇక్కడ 230. అందుకని తిరిగొచ్చాక కోదాడలో వేరేది కొన్నారు. ఇప్పుడది చిలుకూరు ఇంట్లో, థర్మోకోల్ పెట్టెలో, నాటుకోడి గుడ్లను 37.5 డిగ్రీల దగ్గర ఉంచుతోంది. 21 రోజుల పని. కరెంటు పోతే ఆయన పెట్టె మీద బొంత కప్పి పక్కనే కూర్చుంటాడు.