ట్రాక్టరు కొనునపుడు గృహిణి అడుగవలసిన ప్రశ్న

అచ్చంపేట ప్రాంతపు వ్యవసాయ కుటుంబములలో ట్రాక్టరు కొనుట పెండ్లి చేయుటవంటి కార్యము. ఇంటి ఇల్లాలి మెడలోని బంగారము కుదువకు పోవును. బ్యాంకు అప్పు ఏండ్ల తరబడి తీరదు. అయినను ఏ ట్రాక్టరు కొనవలెనను మాట వచ్చినపుడు ఆమెను అడుగువారు అరుదు. ఇనుప యంత్రముల సంగతి ఆడువారికేల యందురు. మా ఇంట ట్రాక్టరు కొనవలసి వచ్చినపుడు మేమీ మాటను అంగీకరింపలేదు. తెలిసినవారిని అడిగి, చదువదగినది చదివి తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

దున్నుటకు మాత్రమే యైనచో ఇంత విచారణ అక్కరలేదు. కాని సంవత్సరములో దుక్కి దినములు కొన్నియే. తక్కిన కాలమంతయు ట్రాక్టరు వెనుక ట్రాలీ ఉండనే యుండును. పల్లికాయను మార్కెటునకు, పత్తిని మిల్లునకు, పెంటను చేనికి చేర్చునది ఆ ట్రాలీయే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ట్రాక్టరును తానుగా సరకు మోయుటకు నిర్మింపబడని వాహనముగా నిర్వచించినది. సరకంతయు ట్రాలీపైననే యుండును. కావున మనము కొనునది ఒక యంత్రమును కాదు, ఒక జంటను. ఆ జంట పొసగునా లేదా యని చూచుటయే అసలు విచారణ.

అమ్మకపువారు మొదట చెప్పునది అశ్వశక్తి. “ఎంత బరువైనను గుంజును” అని పొగడుదురు. గుంజుట సరియే, ఆ బరువును నిలుపగలదా యని మేమడిగితిమి. ఇది క్రొత్త ప్రశ్న కాదు. పూర్వము మా పెద్దలు ఎద్దులను కొనునపుడు ఎత్తున బండిని లాగించి చూచుటతో తృప్తిపడెడివారు కారు. బరువుబండిని పల్లమున నడిపించి, ఎద్దులు మెడ బిగబట్టి దానిని ఆపుకొనగలవా యని పరికించెడివారు. ఎద్దునకు పెట్టిన పరీక్షను యంత్రమునకు పెట్టకుండుట యెట్లు?

లెక్క వేసి చూతము. 45 అశ్వశక్తుల ట్రాక్టరు బరువు ఇంచుమించు 2 టన్నులు. ఖాళీ ట్రాలీ ఒకటిన్నర టన్ను, దానిపై సరకు 5 టన్నులు అనుకొందము. వెనుకనున్నది మొత్తము ఆరున్నర టన్నులు. అనగా ముందున్నదానికి మూడింతలకు మించినది. పది అడుగులకు ఒక అడుగు దిగు పల్లమున ఆ ట్రాలీ ట్రాక్టరును సుమారు 650 కిలోల బలముతో ముందునకు నెట్టును. మన పల్లెలలో తిరుగు ట్రాలీలలో పెక్కింటికి బ్రేకులు లేవు. ఆ తోపునంతయు ట్రాక్టరు వెనుక చక్రములే ఓర్వవలెను. అవి జారెనా, ట్రాలీ ప్రక్కకు తిరిగి ట్రాక్టరును మడిచివేయును. వేగము రెట్టింపైనచో ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. మన్ననూరు ఘాటు దిగి వచ్చువారికి, ఉమామహేశ్వరపు కొండదారి యెరిగినవారికి ఈ లెక్క వేరుగా బోధింపనక్కరలేదు.

ట్రాక్టర్లతో నిచ్చు సూచన పుస్తకములలో కొన్నిటియందు ఒక నియమము కలదు. బ్రేకులు లేని ట్రాలీ సరకుతో కూడ ట్రాక్టరు బరువునకు ఒకటిన్నర రెట్లు మించరాదు. పైని చెప్పిన ట్రాక్టరునకు ఈ నియమము ప్రకారము 3 టన్నులే తగును. ఖాళీ ట్రాలీ బరువు పోగా మిగులునది ఒకటిన్నర టన్ను సరకు మాత్రమే! అంతకు మించి వేయదలచినచో బరువైన ట్రాక్టరును, బ్రేకులున్న ట్రాలీని తీసికొనక తప్పదు.

మధ్యప్రదేశములోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వపు యంత్ర పరీక్షా సంస్థ యున్నది. మన తెలుగు దేశమున అనంతపురము జిల్లా గార్లదిన్నెలో అట్టి సంస్థయే మరియొకటి కలదు. బుద్నీ పరీక్షా నివేదికలలో ట్రాక్టరు బరువు, గుంజు బలము, బ్రేకుల ఫలితములు అచ్చువేయబడియుండును. అంగడివాని రంగుల కాగితము కంటె ఆ నివేదికను నమ్ముట మేలు. బ్రేకులు నూనెలో మునిగియుండు రకమైనచో బురద, నీరు, దుమ్ము వానిని అంతగా బాధింపవు.

కొన్న పిదప చూడవలసినవియు కలవు. ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్లుండును. అవి చేనిలో మలుపు తిరుగుటకే. రోడ్డెక్కునపుడు రెంటిని కలిపి గడియ వేయవలెను. లేనిచో ఒక ప్రక్క చక్రమే నిలిచి బండి గిరుక్కున తిరుగును. ట్రాలీని ట్రాక్టరు క్రింది కొక్కెమునకే తగిలింపవలెను. మీదుగా కట్టి లాగినచో ముందు చక్రములు పైకి లేచును. శీలకు మూతపిన్ను, దానికి తోడు ఒక గొలుసు ఉండవలెను. డీజిలు మిగులునని పల్లమున గేరు తీసి దొరలించు అలవాటును డ్రైవరుచే మాన్పింపవలెను. చీకటిలో నిలిచిన ట్రాలీ కనబడుటకు వెనుక ఎర్రదీపములు, మెరయు పట్టీలు తప్పవు.

ఇక మనుష్యుల మాట. 2018 ఏప్రిలులో నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలికి పోవుచున్న స్త్రీలతో ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మరణించిరి. అదే సంవత్సరము జూనులో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో అట్లే 15 మంది పోయిరి. వారిలో దాదాపు అందరును స్త్రీలే. వారు మనవంటివారు, ప్రొద్దుననే సద్ది కట్టుకొని పనికి బయలుదేరినవారు. సరకుల ట్రాలీలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదమైనచో బీమా పరిహారమునకును చిక్కు వచ్చును. పరిహారము వచ్చినను తల్లి తిరిగి రాదు గదా.

మా ఇంట బ్రేకుల ట్రాలీకి అదనముగా పైకము కావలసివచ్చెను. పాటల పెట్టె, రంగుదీపములు మానుకొని కొంత సమకూర్చితిమి. కలుపునకు వచ్చు స్త్రీలను ఆటోలో తెచ్చుటకు దినదినము కిరాయి యిచ్చుచున్నాము. ఊరివారందరు ట్రాలీలోనే తెచ్చుచుండగా మీకేల యీ దండుగ యని చుట్టములు నవ్విరి. ఆ కిరాయి మాకు బరువే. కాని ఒకరి బిడ్డలకు మేము జవాబు చెప్పవలసిన దినము రాకుండుటకు అది పెద్ద వెల కాదని మా నమ్మకము.

సోదరీమణులారా! కుదువ కాగితముపై మీచే వ్రాలు చేయించుటకు వచ్చినపుడు కలము పట్టుటకు ముందే అడుగుడు: “సరకుతో నిండిన ట్రాలీ బరువెంత? దానికి బ్రేకులున్నవా? పల్లమున ఈ ట్రాక్టరు దానిని నిలుపునా?” జవాబు కాగితముపై చూపినపిమ్మటనే వ్రాలు చేయుడు.