నిద్రపోయేవి, లెక్క తేలనివి

ఉధ్నాలో సాంచాల చప్పుడు మాకు మామూలుగా వినిపించదు, ఆగినప్పుడే వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి నేత పని కోసం సూరత్ వచ్చిన కుటుంబాల పిల్లలం మేము. వేసవి సెలవులకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వెళ్లి, బడి తెరిచేలోగా తిరిగి వస్తాం. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ, కంప్యూటర్ ల్యాబ్‌లో ఇంగ్లిషు మాట్లాడతాం. ఈ సంవత్సరం ల్యాబ్‌లో తెలుసుకున్న ఒక సంగతిని ఇంటి భాషలో చెప్పాలనిపించింది.

మా ల్యాబ్‌లో ఒక లినక్స్ సర్వరు ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ పద్ధతిలోనే ఇదీ నడుస్తుంది. ప్రాక్టికల్ పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా, మేమందరం కలిసి వాడే ఖాతా పనిచేయడం మానేసింది. ఏ ఆదేశం ఇచ్చినా కొత్త ప్రాసెస్‌ను పుట్టించలేనని జవాబు వస్తోంది. మా ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి! సగం మందిమి అన్నం డబ్బాలు కూడా తెరవలేదు.

సార్ తన ఖాతాలోంచి 'పీఎస్ -ఈఎల్' అనే ఆదేశం ఇచ్చారు. సర్వరులో ఉన్న ప్రాసెస్‌లన్నీ వరుసగా వచ్చాయి. ప్రతి వరుసలో దాని స్థితిని తెలిపే ఒక అక్షరం ఉంటుంది. ఆర్ అంటే నడుస్తున్నది, లేదా ప్రాసెసర్‌పై తన వంతు కోసం నిలబడినది. ఎస్ అంటే నిద్రలో ఉన్నది. మిగిలినవన్నీ జడ్‌లే, అంటే జాంబీలు. వాటి పేర్ల పక్కన 'డిఫంక్ట్' అని ఉంది.

"ఎస్‌లన్నీ ఊరికే పడుకున్నాయి, తీసేయండి సార్" అని వెనక బెంచీ నుంచి ఒక మాట వచ్చింది. సార్ నవ్వి, ఆ నిద్రపోతున్నవి ఏవో చదవమన్నారు. ఒకటి మా డేటాబేస్, ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది. ఇంకొకటి ఎవరైనా లాగిన్ అవుతారేమోనని వాకిట్లో కాచుకున్నది. దాన్ని చంపితే బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. నిద్రలో ఉన్న ప్రాసెస్‌కు కొంత మెమరీ కావాలి కానీ ప్రాసెసర్ సమయం దాదాపు అక్కరలేదు. పని రాగానే కెర్నల్ దాన్ని లేపుతుంది.

ఇది మాకు వెంటనే అర్థమైంది. బీము అయిపోతే, పాత పడుగు పోగులకు కొత్త బీము పోగులు అతికే వైపని మనిషి వచ్చేదాకా నేతగాడు సాంచా పక్కనే కూర్చోవాలి. అది తెలియనివారు చూస్తే ఖాళీగా ఉన్నాడనే అంటారు.

జాంబీ సంగతి వేరు. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ఇంకొకదాన్ని పుట్టిస్తుంది. అందుకే తల్లి, పిల్ల అంటారు. పిల్ల తన పని ముగించి పోతూ ఒక అంకె వదిలి వెళుతుంది. సున్నా అయితే పని సరిగ్గా అయినట్టు, వేరే అంకె అయితే ఏదో తేడా వచ్చినట్టు. తల్లి 'వెయిట్' అనే పిలుపుతో ఆ అంకెను అడిగి తీసుకోవాలి. అడిగేదాకా కెర్నల్ ఆ పిల్ల పేరును పట్టికలో ఉంచుతుంది. దాని మెమరీ అప్పటికే తిరిగి ఇచ్చేసింది. మిగిలింది పట్టికలో ఒక వరుస, అంతే. సినిమాల్లో జాంబీలా ఇది ఎవరి మీదా పడదు, పేరే కాస్త అన్యాయంగా పెట్టారు.

అయితే ఆ వరుసలు కూడా ఖాతాకు పెట్టిన పరిమితిలోకే వస్తాయి. ప్రతి నిమిషం మా ఫైళ్ల నకలు తీయడానికి ఒక పాత ప్రోగ్రాం పిల్లను పుట్టించేది, దాని ఫలితం మాత్రం ఎన్నడూ అడిగేది కాదు. అలా పేరుకుపోయిన జాంబీలతో పరిమితి నిండిపోయింది. సార్ ఒక జాంబీ మీద 'కిల్ -9' ప్రయోగించి చూపించారు. ఏమీ కాలేదు. చచ్చినదాన్ని మళ్లీ ఎలా చంపుతాం? తర్వాత తల్లి నంబరు చూసి ఆ ప్రోగ్రాంను ఆపారు. తల్లి పోయిన పిల్లలను 1వ నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుని, అన్నిటి ఫలితాలూ అడిగి వరుసలు తీసేసింది. జడ్‌లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి, ఖాతా తెరుచుకుంది. ప్రోగ్రాంలో వెయిట్ పిలుపు చేర్చాకే సార్ దాన్ని మళ్లీ నడిపారు.

ఇంటికి వెళ్లేటప్పుడు మాలో ఒకరు తమ బాపు సంగతి చెప్పారు. ఆయన ఒక ఖాతాలో పని మానేసి వేరే చోట చేరారు. పాతచోట నేసిన తాకాల డబ్బు రావాల్సి ఉంది. హాజరీ పుస్తకంలో ఆయన పేరు అలాగే ఉంది. మనిషి రావడం లేదు కదా, పేరు కొట్టేస్తానని లెక్కలు రాసే మెహతాజీ అన్నాడట. "కొట్టేయొద్దు భాయ్, ముందు నా తాకాల లెక్క చూడు" అని బాపు అక్కడే నిలబడ్డారట. మూడు ఆదివారాలు వరుసగా వెళ్లారు. చివరికి దీపావళి ముందు లెక్క చూసి, డబ్బు చేతికిచ్చి, ఆయన ముందే పేరు కొట్టేశారు.