పంచమం లేని వేళ

కలకత్తాలో సంగీతమంటే చలికాలమే. 1952లో ఆరంభమైన డోవర్ లేన్ సంగీత సమ్మేళనం నేటికీ జనవరి మాసంలో జరుగుతున్నది. రాత్రి మొదలైన కచేరీలు తెల్లవారితేగాని ముగియవు. శాలువ కప్పుకొని, కునుకుతూనే తొడమీద తాళం వేసే శ్రోతలు అక్కడ అనేకులు.

కునికేవారిని నేను తప్పుపట్టను. హిందుస్తానీ సంప్రదాయంలో రాగానికి వేళ ఉన్నది. యమన్ సాయంకాలానిది, మాల్‌కౌంస్ నడిరేయిది, లలిత్ తెల్లవారుజాముది. సాయంకాలం ఆరింటికి తలుపు తెరిచి పదింటికి మూసే సభాభవనాలలో లలిత్‌కు తావెక్కడ? అట్టి నగరాలలో రసికులు సగం రాగాలను రికార్డులలోనే వినవలసి ఉన్నది.

నేనూ ఇంట రికార్డులో లలిత్‌ను ఎన్నోమార్లు విన్నవాడినే. రెండు మధ్యమాలు పక్కపక్కనే నిలుస్తాయనీ, పంచమం ఉండదనీ ఎరుగుదును. అయితే ఒక రాత్రి మూడు కచేరీలు గడచిన పిమ్మట, ఒక గాయకుని వెనుక తంబురా తీగ పంచమాన్ని వదలి మధ్యమానికి దిగింది. ఆ లేమిని చెవి అప్పుడు ఎరిగింది; నిద్ర ఎటు పోయిందో తెలియదు.

విరామంలో బయటికి వచ్చేసరికి టీ అమ్మేవాడు పొయ్యి రాజేస్తున్నాడు. ఇంటికి పోదామా అన్నాను. పక్కనున్న పెద్దాయన, భైరవి వినకుండానా అని, గ్లాసు దించి మళ్ళీ లోపలికి నడిచారు.