గొలుసు పట్టుకుని గంగలోకి



పిక్నిక్ అనుమతి పత్రాలు ఇళ్లకు పంపినప్పుడల్లా కొన్నింటి మీద ఒకే మాట రాసి వస్తుంది: "నీళ్ల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి మేడమ్." ఆ మాట వెనకున్న భయం నాకు బాగా తెలుసు. మాది కోనసీమ. ఇంటి ముందు కాలువ, ఊరి చివర గోదావరి పాయ. నేను నాలుగో తరగతిలో ఉండగా మా బాబాయి కొడుకు ఆ కాలువలోనే పోయాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఒడ్డున నలుగురు పిల్లలున్నారు, ఏం చేయాలో ఒక్కరికీ తెలియదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పిల్లలెవరినీ కాలువ మెట్లు దిగనివ్వలేదు. ఈత నేర్పిద్దామన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు. చుట్టూ నీళ్లున్న ఊళ్లో పుట్టి, ఈత రాకుండానే బీఈడీ పూర్తిచేసి టీచర్‌నయ్యాను.

కిందటి దసరా సెలవుల్లో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఉత్తరాఖండ్‌లో మూడు రోజుల రాఫ్టింగ్‌కి వెళ్లాను. గఢ్వాల్‌లోని శ్రీనగర్ దిగువ నుంచి రిషికేశ్ వరకు ప్రయాణం. అమ్మకి చెబితే, "గంగమ్మ తల్లి చూసుకుంటుందిలే, నువ్వూ చూసుకో" అంది.

బదరీనాథ్ మీదుగా వచ్చే అలకనంద మీద మా ప్రయాణం మొదలైంది. గైడ్ పాతికేళ్ల గఢ్వాలీ కుర్రాడు. ముందు దోసిట్లో నీళ్లు తీసుకుని తలమీద చల్లుకున్నాడు. ఆ వెంటనే ఒక్కొక్కరి లైఫ్ జాకెట్ బకిల్స్ తనే లాగి చూశాడు. తర్వాత నీరు నెమ్మదిగా ఉన్న చోట అందర్నీ నదిలోకి దిగమన్నాడు. "పడితే ఏం చేయాలో పడకముందే నేర్చుకోవాలి దీదీ" అన్నాడు. వెల్లకిలా తేలాలి. కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు చాపి, కాలివేళ్లు నీటిపైకి కనిపించేలా ఉంచాలి. వేగంగా పారే నీటిలో లేచి నిలబడే ప్రయత్నం చేయకూడదు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. ఈ పాఠానికి పట్టిన సమయం పదిహేను నిమిషాలు.

ఆ సాయంత్రానికి దేవప్రయాగ చేరాం. గోముఖ్ నుంచి వచ్చే భాగీరథి, అలకనంద ఇక్కడే కలుస్తాయి. ఇక్కడి నుంచే నదికి గంగ అని పేరు. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మనవైపు నుంచీ యాత్రికులు వస్తారు. రెండు నదుల నీళ్లు కొంతదూరం వేర్వేరు రంగుల్లో పక్కపక్కనే పారుతుంటే చూస్తూ ఉండిపోయాం. కానీ నన్ను ఎక్కువగా ఆపింది సంగమం మెట్ల దగ్గర బిగించిన ఇనుప గొలుసులు. భక్తులు వాటిని గట్టిగా పట్టుకుని మునుగుతున్నారు. నదిని తల్లి అని మొక్కే చోటే గొలుసూ కట్టారు. నీళ్లంటే భయం అక్కడివాళ్లకీ ఉంది. అయినా స్నానం మానలేదు, గొలుసూ వదల్లేదు. మా కాలువ మెట్లకి అలాంటి గొలుసు ఎప్పుడూ లేదు.

నది వాలులో, రాళ్ల మీదుగా నురగలు కక్కుతూ దూకే చోటుని ర్యాపిడ్ అంటారు. కష్టాన్ని బట్టి వాటికి 1 నుంచి 6 వరకు గ్రేడులుంటాయి. త్రీ బ్లైండ్ మైస్, రిటర్న్ టు సెండర్, రోలర్ కోస్టర్ అంటూ వాటికి పెట్టిన పేర్లు వింటే ఇంగ్లిష్ టీచర్‌కి నవ్వొస్తుంది. మూడో రోజు ఉదయం 'ది వాల్' అనే పెద్ద ర్యాపిడ్ ముందు గైడ్ పడవని ఒడ్డుకి చేర్చాడు. రాళ్లెక్కి పది నిమిషాలు నీటినే చూశాడు. తిరిగొచ్చి, "ఈ రోజు అందరం నడిచి దాటుదాం" అన్నాడు. రోజూ ఆ నది మీదే బతికేవాడు ఆ మాట చెప్పడానికి ఏమాత్రం సిగ్గుపడలేదు. మా క్లాసులో పిల్లలకి నేను ఎక్కువసార్లు చెప్పిన విషయం ఇదే.

మధ్యాహ్నం 'గోల్ఫ్ కోర్స్' అనే ర్యాపిడ్‌లో పడవ ఒక పక్కకి ఒరిగింది. తెడ్డు చేతిలో ఉండగానే నీళ్లలో పడ్డాను. చలికి ఊపిరి బిగుసుకుపోయింది. ఒక అల నెత్తిమీద నుంచి వెళ్లింది. పైకి తేలగానే కాళ్లు ముందుకి చాపాను. అంతే, ఇంకేమీ ఆలోచించలేదు. గైడ్ విసిరిన తాడు భుజం పక్కన పడింది. దాన్ని గుండెలకి హత్తుకుని పట్టుకున్నాను. జాకెట్ పట్టీలు పట్టుకుని నన్ను పడవలోకి లాగేశారు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టి ఉండదు.

ఆ రాత్రి రిషికేశ్ నుంచి అమ్మకి ఫోన్‌లో అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"అలా తేలడం ఎవరు నేర్పారు నీకు?" అని అడిగింది.

"మొదటి రోజు గైడ్ నేర్పాడమ్మా."

"ఎంతసేపు?"

"పావుగంట."

తర్వాత అమ్మ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకే పిల్లాడు.

మీ పిల్లల్ని రాఫ్టింగ్‌కి పంపమని నేను అడగడం లేదు. వేసవి సెలవులొస్తున్నాయి. అమ్మమ్మగారి ఊళ్లో చెరువులు, కాలువలు, బావులు ఉంటాయి. వద్దని చెప్పడం అవసరమే. దానితోపాటు కొంత నేర్పించండి. దగ్గర్లో కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్ ఉంటే ఒక నెల పంపండి. ముందుగా వెల్లకిలా తేలడం నేర్పమని అడగండి. తోటివాళ్లు మునిగిపోతుంటే తాము దూకకూడదని, పెద్దల్ని గట్టిగా కేకేసి పిలవాలని, ఒడ్డు నుంచే తాడో చున్నీయో కర్రో అందించాలని చెప్పండి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరినా పట్టుకుని తేలవచ్చు. పాపికొండలకో నాగార్జునసాగర్‌కో వెళ్తే పడవ కదలకముందే లైఫ్ జాకెట్ తొడిగి బకిల్ మీ చేత్తో లాగి చూడండి. మీరూ తొడుక్కోండి. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మనమెవరం మర్చిపోలేదు. ఈత వచ్చిన పిల్లలకైనా నీళ్ల దగ్గర పెద్దవాళ్ల కన్ను ఉండాల్సిందే.

మా అన్నయ్య కూతురికి ఇప్పుడు ఏడేళ్లు. ఈ వేసవిలో దాన్ని ఈతకి చేర్పిస్తున్నాం. ఆ మాట ముందుగా ఎత్తింది మా అమ్మే.