బాల్కనీకి అంత డబ్బా!
అమలాపురంలో ఓ రిటైర్డ్ మాస్టారింట్లో వారంగా ఇదే చర్చ. అమెరికాలోని కొడుకు అలాస్కా ఓడలో బాల్కనీ గది బుక్ చేస్తానంటున్నాడు. ‘ముక్తేశ్వరం రేవులో పంటెక్కి గోదారి చూడ్డానికి వేరే టికెట్టు కొన్నామా?’ అంటారు మాస్టారు.

మాటలో న్యాయముంది. గ్లేసియర్ బేలో మార్జరీ హిమానీనదం ముందు ఓడ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది. పై డెక్కు మీద అందరికీ చుట్టూరా కనిపిస్తుంది. బాల్కనీలోంచి ఒక పక్కే! అలాగని చవకగా లోపలి గది తీసుకుంటే కిటికీ కూడా ఉండదు.

అయితే పంటు దాటడం నిమిషాల పని, ఇది వారం. జూన్‌లో అక్కడ 18 గంటల వెలుతురు, వణికించే గాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు డెక్కు మీద ఎంతసేపని నిలబడతారు? శాలువా కప్పుకుని కూర్చునే చోటుకైతే ఆ డబ్బు దండగ కాదు.

ఆవిణ్ని మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.